మాణిక్ చదివిన ఏడు పేర్లు

పదకొండేళ్ళ పాటు జహీరాబాద్ వార్త ఏది అచ్చయినా దాని నెత్తిన మదన్‌మోహన్ పేరే ఉండేది. మదన్‌మోహన్ సంగారెడ్డిలో ఫ్యాను కింద కూర్చునే జిల్లా విలేఖరి. ఎండలో నడిచేది, వానలో తడిసేది, ఠాణా గుమ్మం ముందు గంటలకొద్దీ నిలబడేది మాణిక్. ఒక ఏడు మొగుడంపల్లి దిక్కు పల్లెలో గత్తర, అదే కలరా, తగిలింది. దారిలో చెప్పు తెగితే వట్టి కాళ్ళతో తొమ్మిది మైళ్ళు నడిచి, గడప గడపకూ తిరిగి పోయినవాళ్ళ పేర్లు అడిగి రాసుకొచ్చాడు. మూడో రోజు ఆ వార్త 'దక్కన్ మెయిల్' మొదటి పేజీలో పడింది. మాణిక్ రాసిన దాంట్లో ఒక్క ముక్క మారలేదు. కింద ఉండాల్సిన మాణిక్ పేరు మాత్రం పోయి, పైన మదన్‌మోహన్ పేరు వచ్చింది. ఆ వార్త రాసినందుకు మదన్‌మోహన్‌కు హైదరాబాద్‌లో ఎవరో శాలువా కప్పారు. ఆ సంగతి కూడా అదే పేపర్లో వచ్చింది. ఆ పొద్దున కట్ట విప్పి ఆ పేపరును ఇంటింటికీ వేసింది మాణికే.

అడగవెందుకని భార్య అనంతమ్మ చాలాసార్లు సతాయించింది. అడిగితే ఉన్న పేపరు ఏజెన్సీ కూడా ఊడుతుందని మాణిక్ భయం. చిన్న ఊళ్ళలో పేపరు వేసేవాడూ, వార్త రాసేవాడూ ఒక్కడే. పొద్దున మొదటి బస్సు మీదనుంచి కట్ట దించుకోవాలి, సాయంత్రం బీదర్ నుంచి హైదరాబాద్ పోయే బస్సు డ్రైవరు చేతికి వార్తల కవరు ఇవ్వాలి. డ్రైవరు దాన్ని సంగారెడ్డి బస్టాండులో ఇచ్చిపోతాడు. అది మదన్‌మోహన్ బల్ల మీదికి చేరుతుంది. పేరు లేకపోతేనేం, వార్త వచ్చింది గదా అని మాణిక్ సరిపెట్టుకునేవాడు. ఇట్లా సరిపెట్టుకునేవాళ్ళ వీపుల మీదే ఈ దేశంలో పెద్ద పెద్ద పత్రికలు నడిచాయి.

'దక్కన్ మెయిల్' నిజాం దిగిపోయిన కొత్తలో హైదరాబాద్‌లో పుట్టిన ఇంగ్లీషు పేపరు. అప్పటికి కచేరీల్లో ఉర్దూ లేచిపోయింది, తెలుగు ఇంకా వచ్చి కుర్చీలో కూర్చోలేదు. ఆ నడిమి సందులో ఇంగ్లీషు దూరింది. ఒక ముసలి వకీలు రెండు పాత మెషిన్లు కొని, తన ఇంటి వెనక గాడిపాకలో బిగించి, పెద్దవాళ్ళ తప్పులు పెద్దవాళ్ళకే అర్థమయ్యే భాషలో రాయాలని ఆ పేపరు పెట్టాడు. ఆయన ఉన్నన్నాళ్ళు మంత్రులు పొద్దున్నే దాన్ని చూసి చాయ్ తాగేవారని చెప్పుకునేవారు. ఆయన పోయాక కొడుకుల చేతికి వచ్చింది. కొడుకులకు గొడవలు ఇష్టం లేదు.

జహీరాబాద్‌కు తొమ్మిది కాపీలు వచ్చేవి. స్టేషను మాస్టరు, బ్యాంకు ఏజెంటు, చక్కెర ఫ్యాక్టరీ కెమిస్టు, పాదిరిగారు, తహసీల్దారు కచేరీ, ఇంకో నలుగురు. ఆ నలుగురిలో భూముల లెక్కలు చూసి రిటైరయిన గిర్దావరు ఒకడు ఉండేవాడు. ఆయన కళ్ళజోడు పగిలి రెండేళ్ళయినా బాగు చేయించలేదు, పేపరు మాత్రం మానలేదు. చంకలో పెట్టుకుని బజారు దాకా పోయి వచ్చేవాడు. మాణిక్‌కు ఇంగ్లీషు బీదర్ మిషన్ హాస్టల్లో అబ్బింది. వాళ్ళ నాయన అక్కడి దవాఖానలో ఊడ్చేవాడు. మాల మాదిగల పిల్లలకు అక్కడ బువ్వతో పాటు బైబిలూ, బైబిలుతో పాటు ఇంగ్లీషూ దొరికేవి.

ఇక భయం సంగతి.

డెబ్బయ్యయిదు జూన్‌లో ఎమర్జెన్సీ వచ్చింది. మొదటి వారం 'దక్కన్ మెయిల్'లో అక్కడక్కడ ఖాళీ గళ్ళు కనిపించాయి. సెన్సారు కొట్టేసిన వార్తల జాగా అది. రెండో వారం గళ్ళు కూడా లేవు, ఆ జాగాలో చెట్లు నాటండి అని ఉంది. సర్కారు ప్రకటించిన ఇరవై సూత్రాల గురించి మంచి తప్ప ఇంకేం పంపవద్దని మదన్‌మోహన్ చీటీ రాసి పంపాడు. ఆ చలికాలం బస్టాండు పక్కన చాయ్ హోటల్లో దర్జీ శరణప్ప ఎమర్జెన్సీ మీద ఏదో నవ్వులాట మాట అన్నాడు. రెండో రోజు మిషను మీద సగం కుట్టిన అంగీ అట్లాగే ఉంది, శరణప్ప లేడు. ఏ జైల్లో ఉన్నాడో ఏడు నెలల దాకా ఇంటివాళ్ళకు తెలియలేదు. అప్పటినుంచి ఆ హోటల్లో మనుషులు వానల గురించి తప్ప మాట్లాడలేదు. జీపు శబ్దం వినిపిస్తే మగవాళ్ళు, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ క్యాంపుకు తమను ఎక్కించుకుపోతారని చెరుకు తోటల్లో దూరేవాళ్ళు.

మాణిక్‌కు ఆ రోజుల్లో ఒక అలవాటు పట్టుకుంది. గుండె దడదడలాడితే పేపరు కట్టకు చుట్టి వచ్చే సుతిలి తాడు తీసి చూపుడు వేలికి బిగించి చుట్టేవాడు. వేలు తెల్లబడేదాకా విప్పేవాడు కాదు.

డెబ్బయ్యారు శ్రావణంలో, సంత రోజు మధ్యాహ్నం, నారమ్మ అనే ఆమె తలమీది ఆకుకూరల గంప దించి బస్టాండు ఎదురుగా ఉన్న అతని చిన్న పేపర్ల దుకాణం ముందు కూర్చుంది. ముప్పయ్యేళ్ళు ఉంటాయి. రాయికోడ్ అవతల చింతలగట్టు అనే ఊరు. మాణిక్ పేపరు కొననివాళ్ళు దుకాణం ముందు కూర్చుంటే ఏమీ అనేవాడు కాదు. చాలాసేపటికి ఆమె గంపలో కూర సర్దుతూ, అతని దిక్కు చూడకుండానే చెప్పడం మొదలుపెట్టింది.

ఆమె పెనిమిటి సిద్దప్ప చింతలగట్టు పటేలు చెన్నబసప్ప దగ్గర పదమూడేళ్ళుగా జీతం ఉన్నాడు. జీతం అని పేరేగాని జీతం లేదు. తండ్రి ఎప్పుడో చేసిన అప్పుకు కొడుకు కట్టుబడ్డాడు. అట్లాంటివాళ్ళు ఏడుగురు. ఊరు దాటరాదు, పెండ్లికి పోరాదు, చావుకు పోరాదు. తెల్లారకముందే పటేలు లెక్కలు చూసే మున్షీ కల్లంలో నిలబడి ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తాడు. పిలిచినవాడు తలగుడ్డ తీసి, చేతులు జోడించి, 'ఉన్న పటేలా' అనాలి. అనకపోతే ఆ పూట బువ్వ లేదు.

"మొన్న మా ఆయనకు జరమొచ్చింది. లేవలేకపోయిండు. బండి గానుకు కట్టేసిన్రు అన్నా, పొద్దుగూకేదాక" అంది.

మాణిక్ రోడ్డు దిక్కు అటూ ఇటూ చూశాడు. "నాకెందుకు చెప్తున్నవు చెల్లె? నేను పేపరేసుకునేటోణ్ణి."

"నువ్వు ఇంగ్లీషుల రాస్తవంట గద. ఇంగ్లీషుల రాయి. తెలుగుల రాస్తే పటేలుకు ఎర్కయితది. ఇంగ్లీషు ఆయనకు రాదు."

నవ్వొచ్చే మాటే. కానీ మాణిక్ కూడా సరిగ్గా అదే నమ్మాడు. పదకొండేళ్ళుగా రాస్తున్నాడు, చుట్టుపక్కల పల్లెల్లో ఒక్కడు చదివిన పాపాన పోలేదు. బావిలో తల పెట్టి మాట్లాడినట్టే ఉండేది. చెన్నబసప్ప ఇంట్లో రేడియో ఉంది, తుపాకి ఉంది, ఇంగ్లీషు లేదు. అక్షరం రాని ఆమే, నాలుగు భాషలొచ్చిన అతనూ ఇంగ్లీషును తాళం వేసిన పెట్టె అనుకున్నారు. తాళంచెవి పైవాళ్ళ దగ్గర ఉంటుందన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు.

వెట్టిచాకిరీ రద్దు అప్పటికే ఇరవై సూత్రాల్లో ఉంది, చట్టం కూడా వచ్చింది. కాబట్టి మాణిక్ తెలివిగా రాశాడు. ప్రభుత్వ కార్యక్రమాన్ని మెచ్చుకుంటూ మొదలుపెట్టి, దాని ఫలం కోసం చింతలగట్టులో ఏడుగురు ఎదురుచూస్తున్నారని రాసి, ఏడుగురి పేర్లూ తండ్రుల పేర్లతో సహా వరసగా పెట్టాడు. పిలుపు సంగతి, జ్వరం మనిషిని బండి గానుకు, అంటే చక్రానికి, కట్టేసిన సంగతి కూడా రాశాడు. అలవాటు కొద్దీ ఆఫీసు కోసం అడుగున తన పేరు రాశాడు. ఎట్లాగూ కొట్టేస్తారు గదా అనుకున్నాడు. సాయంత్రం బస్సు డ్రైవరు చేతికి కవరు ఇచ్చాడు.

ఆగస్టు పంతొమ్మిది, గురువారం. మొదటి బస్సు మీదనుంచి కట్ట దించుకుని, విప్పి, అయిదో పేజీ తిప్పాడు. వార్త వచ్చింది. పైన మదన్‌మోహన్ పేరు లేదు. "జహీరాబాద్ నుంచి మాణిక్" అని ఉంది.

పదకొండేళ్ళు కోరుకున్నది అదే. ఇప్పుడు చూడగానే పేపరు మడిచేశాడు. మదన్‌మోహన్ మొదటిసారి ఒక వార్తను తనది కాదనుకున్నాడు. శాలువా వచ్చే వార్తయితే తనది, జైలు వచ్చే వార్తయితే మాణిక్‌ది. సంగతి ఎంత సులువుగా అర్థమైందంటే, మాణిక్‌కు కోపం కూడా రాలేదు. ఒళ్ళంతా భయమే ఉంది, కోపానికి జాగా లేదు.

అప్పుడు చేయకూడని పని చేశాడు. తొమ్మిది కాపీలనూ గోనెసంచిలో కుక్కి ఇంటికి తెచ్చాడు. నీళ్ళు కాగే పొయ్యిలో ఒక్కొక్కటే పెట్టి కాల్చాడు. అవి అయిపోయాక చెక్కపెట్టె తెరిచి, పదకొండేళ్ళుగా కత్తిరించి దాచుకున్న తన వార్తలన్నీ తీసి అవి కూడా పొయ్యిలో వేశాడు. గత్తర వార్త కూడా. అనంతమ్మ చెయ్యి పట్టుకుని ఆపబోయింది. వాటిలో తన పేరు లేదు గదా, కాలితే ఏం పోయిందని ఆమెను పక్కకు జరిపాడు. ఆ పొద్దు అడిగిన ప్రతివాళ్ళకూ ఇయ్యాల పేపరు రాలేదని చెప్పాడు. కళ్ళజోడు లేని గిర్దావరు ఒక్కడే బాధపడ్డాడు, చంక వెలితిగా ఉందని.

శనివారం పొద్దున పటేలు మున్షీ బస్వరాజ్ వచ్చాడు. రాజ్‌దూత్ మోటారు సైకిలు స్టాండు వేసి, దుకాణం బల్ల మీద తాపీగా కూర్చున్నాడు. మెత్తటి మనిషి. గట్టిగా మాట్లాడటం అతని నోట ఎవరూ వినలేదు.

"ఏం మాణిక్ సాబ్, మొన్న పేపర్ రాలేదన్నవట. నాకైతే వచ్చింది" అని జేబులోంచి మడిచిన కాగితం తీశాడు. అయిదో పేజీ. సంగారెడ్డిలో ఎవరో చదివి, సంగతి చెప్పి పంపారట. "నీ పేరు కూడ పడ్డది. ముబారక్."

మాణిక్ వేలికి సుతిలి చుట్టుకుంటున్నాడు.

"పటేలుకు నీ మీద కోపం లేదు. కోపముంటే నన్నెందుకు పంపుతడు, వేరేటోళ్ళను పంపుతడు గని. సబ్ కలెక్టరు ఎంక్వయిరీకి వస్తుండు, వచ్చే సోమారం కాక ఆ పై సోమారం. నువ్వు వచ్చి ఒక్క ముచ్చట చెప్పు. ఎవరో అనంగ విన్న, నిజమో కాదో నాకు ఎర్క లేదు అను. అయిపాయె. శరణప్ప గిట్ల జర నోరు అదుపుల పెట్టుకుంటే ఇంటికాన్నే ఉండేటోడు." లేస్తూ లేస్తూ, జామపండ్లు తెచ్చి అమ్మే అనంతమ్మ వారానికి ఎన్నిసార్లు కోహీర్ పోయి వస్తుందో, ఏ బస్సుకు పోతుందో, ఎక్కడ దిగి నడుస్తుందో చెప్పాడు. జామపండ్లు మోసుకుని ఒక్కత్తే ఆడమనిషి ఆ దారిన నడవడం మంచిది కాదని, అన్నలాగా చెబుతున్నానని అన్నాడు.

ఆ తర్వాత పది రోజులు మాణిక్ మనిషి కాదు. మోటారు సైకిలు ఏది పోయినా అది రాజ్‌దూతో కాదో చెవితోనే కనిపెట్టేవాడు. అనంతమ్మను కోహీర్ పోనివ్వలేదు. పేపర్లు వేయడానికి రోజూ వేరే వేరే సందుల్లోంచి పోయేవాడు. కంచం ముందు నుంచి సగంలోనే లేచిపోయేవాడు. చివరికి బస్సెక్కి సంగారెడ్డి పోయి మదన్‌మోహన్ కాళ్ళ దగ్గర కూర్చున్నంత పని చేశాడు. వార్త ఆఫీసు తరఫున వచ్చిందని ఒక్క ముక్క రాసివ్వమన్నాడు. ఎంక్వయిరీకి తోడు రమ్మన్నాడు.

మదన్‌మోహన్ ఫైల్లోంచి తల ఎత్తలేదు. "పదకొండేండ్ల నుంచి నీ పేరు రావాలని లోపల్లోపల ఏడుస్తున్నవు గదా మాణిక్. వచ్చింది. ఇప్పుడు వద్దంటే ఎట్ల?" అన్నాడు. నవ్వలేదు కూడా.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని మాణిక్ నిర్ణయించుకున్నాడు. మున్షీ చెప్పినట్టే చెప్పాలి. నారమ్మ ముఖం ఒకసారి మనసులోకి వచ్చింది. ఆమెకు ఏమవుతుందో ఆలోచించే ధైర్యం కూడా లేకపోయింది.

ఆగస్టు ముప్పయి, సోమవారం. చింతలగట్టు చావడి ముందు బల్లలు వేశారు. సబ్ కలెక్టరు ఉత్తరాది కుర్రవాడు, వచ్చి నెల కాలేదు. తెలుగు ఒక్క ముక్క రాదు. పక్కన తహసీల్దారు. ఎదురుగా మంచం మీద పటేలు చెన్నబసప్ప, నుదుట విభూతి, తెల్లటి ధోవతి. ఊరంతా కూర్చుంది. ఆ ఏడుగురినీ జనం నడుమ అక్కడొకరు ఇక్కడొకరుగా కూర్చోబెట్టారు. ఏ రోజుకారోజు కూలికొచ్చే కూలోళ్ళమని చెప్పాలని వాళ్ళకు ముందే చెప్పి ఉంచారు. నారమ్మ ఆడవాళ్ళ వెనక నిలబడి ఉంది.

పటేలుకు ఇంగ్లీషు రాదు, అధికారికి తెలుగు రాదు. తహసీల్దారు పేపరు తీసుకుని ఊరికి చదివి వినిపించబోతే అధికారి చెయ్యి అడ్డం పెట్టాడు. పొద్దున తహసీల్దారు పటేలు ఇంట్లో ఫలహారం చేయడం ఆయన చూసినట్టున్నాడు. రాసినవాడే చదవాలి అన్నాడు. ఒక్కో వాక్యం ముందు ఇంగ్లీషులో, తర్వాత వీళ్ళ భాషలో. ఎవరు ఏమన్నా దాన్ని కూడా తనకు చెప్పాలి.

మాణిక్ లేచి పేపరు అందుకున్నాడు. అయిదో పేజీ పైకి మడుచుకున్నాడు. మొదటి వాక్యం ఇంగ్లీషులో ఉన్నది ఉన్నట్టు చదివాడు. తెలుగులో మాత్రం, సర్కారు బీదవాళ్ళ కోసం మంచి పనులు చేస్తోందని, చింతలగట్టులో కూడా కొందరు పనివాళ్ళు ఉన్నారని చెప్పాడు. అధికారి తల ఊపాడు. పటేలు కూడా తల ఊపాడు.

అప్పుడు తెలిసింది మాణిక్‌కు. ఇది ఎంత తేలిక. ఆ చావడి ముందు రెండు భాషలూ తెలిసినవాళ్ళు తనూ తహసీల్దారూ ఇద్దరే, తహసీల్దారు నోరు విప్పడు. ఇంగ్లీషులో నిజం చదివి తెలుగులో అబద్ధం చెబితే ఇద్దరూ సంతోషిస్తారు. చివర్లో ఇది విన్న మాటేనని ఒక్క ముక్క అంటే, సాయంత్రం బస్సుకు ఇంటికి పోవచ్చు. అనంతమ్మ మళ్ళీ కోహీర్ పోవచ్చు. రెండో వాక్యమూ అట్లాగే లాగించాడు. మున్షీ బస్వరాజ్ గోడకు ఆనుకుని, బాగుంది అన్నట్టు కళ్ళు మూసి తెరిచాడు.

మూడో వాక్యంలో పేర్లున్నాయి.

పేర్లకు తెలుగు ఏముంది, ఇంగ్లీషు ఏముంది. "సిద్దప్ప" అని ఇంగ్లీషు వాక్యం నడుమ చదివాడు.

జనంలోంచి ఒక మనిషి లేచాడు. తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు. చేతులు జోడించాడు. "ఉన్న పటేలా" అన్నాడు.

సిద్దప్ప ఎదురు తిరగడానికి లేవలేదు. పదమూడేళ్ళుగా తెల్లారకముందు ఎవరు ఆ పేరు పిలిచినా ఆ ఒంటికి తెలిసిన జవాబు అదొక్కటే. లేచాక తాను చేసిన పని తెలిసి అతని ముఖం మాడిపోయింది. కూర్చోవాలో నిలబడాలో తెలియక వణుకుతున్నాడు. పటేలు మంచం మీద కొంచెం ముందుకు వంగాడు.

ఆ మనిషి ఏమన్నాడని అధికారి మాణిక్‌ను అడిగాడు.

ఆ క్షణం ఎంతసేపు నిలిచిందో మాణిక్ తర్వాత ఎప్పుడూ చెప్పలేకపోయాడు. దండం పెడుతున్నాడు సార్ అంటే సరిపోతుంది. నాలుక మీదికి వచ్చింది కూడా. కానీ ఎదురుగా తనకన్నా ఎక్కువ వణుకుతున్న మనిషి ఒకడు నిలబడి ఉన్నాడు. ఆ వణుకు తను రాసిన పేరు వల్ల వచ్చింది. "హాజరున్నానని అంటున్నాడు సార్. తెల్లారకముందు కల్లంలో వీళ్ళను ఇట్లా పిలుస్తారు. పిలిస్తే ఇట్లా అనాలి" అని ఇంగ్లీషులో చెప్పాడు. తర్వాత, ఎవరూ అడగకుండానే, ఆ మాటనే తెలుగులో కూడా చెప్పాడు.

మున్షీ గోడ విడిచి ముందుకు వచ్చాడు. "కూసో సిద్దప్పా" అన్నాడు, ఎప్పటిలాగే మెత్తగా. సిద్దప్ప కూర్చోబోయాడు.

"తర్వాత పేరు" అన్నాడు అధికారి.

మాణిక్ చదివాడు. గొంతు ఆడదానిలా కీచుమందని చింతలగట్టు జనం ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. రెండో పేరుకు రెండో మనిషి లేచాడు, అలవాటు కొద్దీనో, సిద్దప్పను చూసో. మూడోవాడు లేచి 'ఉన్న' అని, పటేలా అనే మాట మింగేశాడు. నాలుగోవాడు లేవలేదు. పేరు మళ్ళీ చదవమన్నాడు అధికారి. మాణిక్ కళ్ళు మూసుకుని మళ్ళీ చదివాడు. అప్పుడు ఆడవాళ్ళ వెనకనుంచి నారమ్మ అంది, "లేవు బావా. పేపర్ల నీ పేరున్నది." లేచాడు. ఏడుగురూ లేచారు. ఏడు తలగుడ్డలు ఏడు చంకల్లో ఉన్నాయి. ఆ తర్వాత మాణిక్ మిగిలిన వార్తంతా, బండి గాను ముచ్చటతో సహా, ఉన్నది ఉన్నట్టు తెలుగులో చెప్పాడు. మొదట తప్పు చెప్పిన రెండు వాక్యాలు కూడా మళ్ళీ సరిగా చెప్పాడు.

ఆ సాయంత్రమే విడుదల కాగితాలు రాశారు. మరుసటి ఏడు, సీలింగు చట్టం కింద సర్కారు తీసుకున్న పటేలు మిగులు భూమిలోంచి ఒక్కొక్కరికి రెండెకరాలు ఇచ్చారు. సబ్ కలెక్టరుకు మూడు నెలలకే బదిలీ వచ్చింది.

మాణిక్‌ను ఎవరూ కొట్టలేదు. ఎవరూ దుకాణం కాల్చలేదు. ఎమర్జెన్సీ ఎత్తేశారు, శరణప్ప తిరిగి వచ్చి మిషను మీది అంగీ పూర్తి చేశాడు. కానీ రాజ్‌దూత్ రోజూ దుకాణం ముందు నుంచి పోయేది. కొన్నిసార్లు ఆగేది, బస్వరాజ్ ఒక అగ్గిపెట్టె కొనుక్కుని వెళ్ళిపోయేవాడు. అంతే. ఈ అంతే అన్నది ఏళ్ళ తరబడి సాగింది. దెబ్బ పడితే మనిషి లేస్తాడు. పడబోతుందని పదేళ్ళు ఎదురుచూసిన మనిషికి వీపు తనంతట తానే వంగిపోతుంది. మాణిక్ మళ్ళీ ఒక్క వార్త కూడా రాయలేదు. కట్ట దించుకునేవాడు, పంచేవాడు. మదన్‌మోహన్ హైదరాబాద్‌లో పెద్ద పదవికి పోయాడు.

పేపరు కూడా అట్లాగే కుంగింది. తొమ్మిది కాపీలు ఆరయ్యాయి, నాలుగయ్యాయి. వకీలు కొడుకులు కొట్లాడుకున్నారు, కార్మికులు సమ్మె చేశారు, గేటుకు తాళం పడింది. ఎనభై నాలుగులో ఒక పొద్దున మొదటి బస్సు వచ్చింది, కట్ట రాలేదు. ముప్పయ్యేళ్ళ పైన నడిచిన పేపరు చచ్చిపోయిందని చెప్పడానికి ఎక్కడా నాలుగు వాక్యాలు అచ్చు కాలేదు. ప్రెస్సులో ఉన్న పాత ఫైళ్ళు టన్నుల లెక్కన కాగితం మిల్లుకు పోయాయి.

ఇప్పుడు ఎనభై ఎనిమిది. పటేలు పోయాడు. కొడుకు బాగా చదువుకున్నవాడు, ఇంగ్లీషు వచ్చినవాడు. ఆ ఏడుగురు ఎన్నడూ వెట్టివాళ్ళు కారని, రోజు కూలీలేనని, మోసంతో భూమి రాయించుకున్నారని కోర్టులో దావా వేశాడు. పట్టాలో ఎక్కించాలని ఒక గుమాస్తా ఏడు విడుదల కాగితాలూ భూమి ఇచ్చినప్పుడే తీసుకుపోయాడు, తిరిగి ఇవ్వలేదు. తాలూకాలు పోయి మండలాలు వచ్చినప్పుడు ఎంక్వయిరీ ఫైలు ఏ బీరువాలోకి పోయిందో ఎవరూ చెప్పడం లేదు. బదిలీ అయిపోయిన సబ్ కలెక్టరుకు రాసిన రెండు ఉత్తరాలకు జవాబు లేదు. ఏడుగురి తరఫు వకీలు అడిగాడు, కనీసం ఆ పేపరయినా ఉందా అని. దాంట్లో ఏడు పేర్లున్నాయి, తేదీ ఉంది, పిలుపు సంగతి ఉంది.

మాణిక్ దగ్గర లేదు. జహీరాబాద్‌లో ఎవరి దగ్గరా లేదు. వచ్చిన తొమ్మిదింటినీ తన చేతులతోనే కాల్చాడు. ఆ మాట సిద్దప్పకు చెప్పడానికి అతనికి మూడు రోజులు పట్టింది. సిద్దప్ప విని తలగుడ్డ విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు. తర్వాత, "భయమైతది అన్నా. నాకు కాలేదా" అన్నాడు. నారమ్మ మాత్రం ముఖం తిప్పుకుంది. ఆమె ఇప్పటికీ అతనితో మాట్లాడటం లేదు. ఆ రెండెకరాల్లో ఈ ఏడు కందులు వేశారు. తీర్పు వాళ్ళకు ఎదురొస్తే కోతకు ముందే భూమి విడిచిపోవాలి.

నలభై తొమ్మిదేళ్ళ మాణిక్ ఇప్పుడు బీదర్, సంగారెడ్డి, హైదరాబాద్ తిరుగుతున్నాడు. పాత కాగితాల దుకాణాల్లో, లైబ్రరీల వెనక గదుల్లో, రిటైరయినవాళ్ళ ఇళ్ళలో అడుగుతున్నాడు. ఒక్కడికి ఇది అయ్యే పని కాదు. మీ ఇంట్లో ఎవరయినా 'దక్కన్ మెయిల్' తెప్పించి ఉంటే వెతకండి. ట్రంకు పెట్టెల అడుగున, అటక మీది కట్టల్లో, అద్దాల బీరువా అరల్లో పరిచిన చోట, పాత పుస్తకాల అట్టల్లో చూడండి. 1976 ఆగస్టు 19, గురువారం, అయిదో పేజీ. చిరిగినా పరవాలేదు, పేర్లు చదవగలిగితే చాలు. దొరకకపోతే వాయిదా రోజుకైనా రండి. దసరా దాటిన మొదటి సోమవారం, జహీరాబాద్ కోర్టు. ఏడుగురినీ ఒక్కొక్కరినే పేరు పిలుస్తారు. వాళ్ళు బోనులోకి పోయేటప్పుడు వరండాలో మనుషులు నిండుగా ఉండాలి.

పేపరు దొరికితే పోస్టులో పంపవద్దు, చేతికే ఇవ్వండి. మాణిక్ దుకాణం బస్టాండు ఎదురుగా ఉంటుంది. ఇద్దరు ముగ్గురు కలిసి, నడిచి రండి. మోటారు సైకిలు మీద ఒక్కరే వస్తే అతను తలుపు వేసుకుంటాడు.